ల్యాబులో ఎంగిలి చెయ్యి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఒకసారి అది నిజంగానే ముక్కు మీద కనిపించింది. నల్లగా, మినపగింజంత. సబ్బుతో రుద్దాను, శనగపిండితో రుద్దాను, నిమ్మచెక్కతో రుద్దాను. చర్మం ఎర్రబడింది కానీ మచ్చ మాత్రం కదల్లేదు. వారం పైన ఆ ముక్కుతోనే రోజూ మా సేత్తూరులో బస్సెక్కి రాజపాళయంలో దిగాను. పక్కన కూర్చున్నవాళ్ళు ముందు నా ముక్కును చూసి, ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూసి నవ్వుకునేవారు.

ఆ మచ్చ సంగతి చెప్పాలంటే ముందు నా చదువు సంగతి చెప్పాలి.

తమిళనాడులోని ఈ రాజపాళయంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అది నా ఆరో ఏడు. మా చుట్టుపక్కల మగ్గాల మీద గాయాలకు కట్టే గుడ్డ నేస్తారు. ఆ గుడ్డకు వెండి పూత పూస్తే గాయం చీము పట్టకుండా ఉంటుందా అనేది నా పరిశోధన. వినడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఆరేళ్ళు. ఒకసారి పూత నిలవదు, ఒకసారి గుడ్డ చివికిపోతుంది, అన్నీ కుదిరిననాడు మెషిన్ పాడైపోతుంది. యూనివర్సిటీ వాళ్ళు గడువు రెండు సార్లు పెంచారు. మూడోసారి పెంచుతూ ఇదే ఆఖరని కాగితం మీద రాసిచ్చారు. ఆ గడువులో ఇంకా రెండు నెలలు మిగిలాయి. నాకు కావలసింది ఒక నెల ల్యాబు పని, ఒక నెల రాత. అంతా సరిపోతుందని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్న సమయంలో మా మేడం పిలిచింది.

మేడం అంటే నా గైడు. ఆమె ఎన్నడూ గొంతు పెంచదు. గొంతు ఎంత తగ్గితే అంత ప్రమాదం. ఆ రోజు ఏం చెబుతోందో వినడానికి నేను బల్ల మీదికి వంగాల్సి వచ్చింది.

మదురై నుంచి సేఫ్టీ కమిటీ వస్తోందట, వచ్చే శుక్రవారం. కొత్తగా చేరిన ఎమ్మెస్సీ పిల్లల చేత పని చేయించి చూస్తారట. ఎవరైనా ప్రమాదకరమైన తప్పు చేస్తే ల్యాబుకు తాళం. మళ్ళీ తెరవడానికి నాలుగు నెలలైనా పట్టవచ్చు.

"నీకు మిగిలింది రెండు," అంది మేడం తమిళంలో, ఇంకా గొంతు తగ్గించి. "కాబట్టి పిల్లలకు ట్రైనింగ్ నువ్వే ఇవ్వు."

కాబట్టి అన్న ఆ ఒక్క మాటతో నా ఆరేళ్ళ చదువును ఇరవై రెండేళ్ళ పిల్లల చేతుల్లో పెట్టేసింది.

నేను పట్టుదలగల మనిషిని. ఆ సాయంత్రమే ఇంగ్లీషులో పెద్ద చార్టు టైపు చేసి, ప్లాస్టిక్ తొడిగించి, ల్యాబు గోడకు అంటించాను. కోటు వేసుకోవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, జుట్టు ముడేసుకోవాలి, చెప్పులతో రాకూడదు, ల్యాబులో ఏమీ తినకూడదు, తాగకూడదు. ఏడో నియమం లావు అక్షరాల్లో పెట్టాను. గ్లవ్స్ తొడిగిన చేత్తో తలుపుగాని, ఫోనుగాని, పెన్నుగాని, మొహంగాని ముట్టకూడదు. ఒక్కొక్కటీ గట్టిగా చదివి వినిపించాను. పిల్లలు తలలూపారు. గుళ్ళో పూజారి మంత్రం చదువుతుంటే మనం ఊపుతామే, అచ్చం అలాగే.

వాళ్ళలో మంసాపురం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉంది. మాలాగే ఇంట్లో తమిళం కలిసిన తెలుగు మాట్లాడేవాళ్ళు. సన్నగా, రెండు జడలతో, చూస్తే తొమ్మిదో తరగతి పిల్లలా ఉంటుంది. నా నియమాలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుబుక్కులో ఎక్కించుకుంది, ఎర్ర సిరాతో గీతలు కూడా కొట్టుకుంది. ఈ పిల్లతో నాకు బెంగ లేదనుకున్నాను.

మంగళవారం ఉదయం ల్యాబులో తిరుగుతున్నాను. చేతికి గ్లవ్స్, గ్లవ్స్ మీద నా గుడ్డల తాలూకు వెండి నైట్రేట్ తడి. ఆ ద్రావణం చూడ్డానికి మంచినీళ్ళలా ఉంటుంది, రంగు లేదు, వాసన లేదు. ఒంటికి తగిలితే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. వెలుతురు తగిలి కొన్ని గంటలయ్యాక నల్లగా బయటపడుతుంది. అటువంటి చేతులతో మూల బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మంసాపురం పిల్ల నిలబడి ఉంది, రెండు చేతుల్లో రెండు బీకర్లు పట్టుకుని. పై బీకరు తల కన్నా ఎత్తున, కింది బీకరు నడుము దగ్గర. మధ్యలో ఉప్పు ద్రావణం తెల్లటి తాడులా దిగుతోంది. టీ కొట్టులో మాస్టరు కాఫీ ఎత్తి పోస్తాడే, సరిగ్గా అదే పని.

"ఏమే! ఏం చేస్తా ఉండావు?" అని అరిచాను.

"కలుపుతా ఉండానక్కా," అంది పిల్ల, చెయ్యి దించకుండా.

"గాజు కడ్డీ ఏమయ్యె?"

"ఉండాదక్కా. కడ్డీతో తిప్పితే అడుగున కరగకుండా నిలుస్తా ఉండాది. ఎత్తి ఆత్తితే బాగా కలుస్తాది. ఇంట్లో అందరికీ కాఫీ నేనుదాన్ ఆత్తుతాను. ఒక చుక్క కింద పడదు, చూడు."

నిజంగానే ఒక చుక్క కింద పడలేదు. దాంతో నా కోపం రెట్టింపయింది. అది ఉప్పునీళ్ళు కాబట్టి సరిపోయింది, రేపు యాసిడ్ అయితే ఏం చేస్తావు, కంట్లో పడితే ఏం చేస్తావు, అసలు ట్రైనింగులో నిద్రపోయావా అని మొదలుపెట్టాను. నేను తిడితే చేతులు కూడా తిడతాయి. జారుతున్న కళ్ళద్దాలను ముక్కు మీద పైకి నెట్టుకున్నాను. చెంప మీద చెమట తుడుచుకున్నాను. మధ్యలో అమ్మ ఫోను చేసి వచ్చేటప్పుడు మజ్జిగలో ఊరేసిన మోర్ మిరపకాయలు పట్టుకురమ్మంటే సరేనని పెట్టేశాను. ఉక్కపోస్తుంటే ఫ్యాను వేశాను. ఆ తర్వాత పిల్లను గోడ దగ్గరికి పిలిచి ఏడో నియమం మీద వేలితో టకటక కొట్టి మరీ చదివించాను. ఏడో నియమమే ఎందుకంటే నాకు తెలియదు. లావు అక్షరాల్లో ఉంది కాబట్టి కావచ్చు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకు తృప్తిగా అనిపించింది. ఇది ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మర్నాడు పొద్దున జడ వేసుకుంటుంటే మా అవ్వ వచ్చి నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది.

"ఏమే, చెంపకి దిష్టి చుక్క ఎవురు పెట్టినారు? పెట్టినోళ్ళు ఒకటి పెట్టకూడదా? ముక్కుకొకటి, చెవికొకటి!"

అద్దంలో చూసుకుని కూలబడ్డాను. చెంప మీద మూడు వేళ్ళ గుర్తులు, ముక్కు కొన మీద మినపగింజ, ఫోను పెట్టుకున్న చెవి తమ్మె మొత్తం నలుపు. ఇది దిష్టి చుక్క కాదని, కెమికల్ అని అవ్వకు చెప్పాను.

"కెమికల్ చెంపకెట్ల వచ్చె?"

"గ్లవ్స్‌కు తగిలింది అవ్వా. ఆ గ్లవ్స్‌తో మొహం ముట్టుకున్నా."

"చేతికి ఆ ఉర తొడుక్కునేది ఏంటికి?"

"చేతికి తగలకుండా."

అవ్వ ఒక్క నిమిషం ఆలోచించింది. "అట్లంటే అది ఎంగిలి చెయ్యే కదా! ఎంగిలి చేత్తో ఊరంతా ముట్టినావా? ఇంత చదువు చదివినావు, అన్నం తినే చేత్తో చెంబు ముట్టకూడదని తెలీదా నీకు?"

మా అవ్వ ఎనిమిదేళ్ళ వయసులో బడి మానేసిన మనిషి. ఎంగిలి విషయంలో మాత్రం ఆమె పెద్ద ప్రొఫెసరు. ఆమె గరిటె ఎవరి కంచానికీ తగలదు. నీళ్ళు తాగితే చెంబు పెదవికి తగలదు, జానెడు ఎత్తు నుంచి గొంతులోకి ధార. మమ్మల్ని కూడా అలాగే పెంచింది. చిన్నప్పుడు చెంబు పెదవికి తగిలితే మళ్ళీ తోముకొచ్చేదాకా ఒప్పుకునేది కాదు. నేను నా ముక్కు సంగతి మరిచిపోయి అవ్వనే చూస్తూ కూర్చున్నాను. పెద్ద చార్టుతో నేను చెప్పలేనిది ఆమె ఒక్క మాటలో చెప్పింది.

ల్యాబుకు వెళ్ళేసరికి మేడం నా కన్నా ముందే వచ్చి ఉంది. తలుపు పిడి మీద నల్లటి వేళ్ళు. ఫ్యాను స్విచ్చి మీద నల్లటి వేలు. హాజరు పుస్తకంలో నా సంతకం పక్కన బొటనవేలి ముద్ర, రిజిస్ట్రార్ ఆఫీసులో పెట్టినంత స్పష్టంగా. మేడం నన్ను గోడ దగ్గరికి తీసుకెళ్ళి తన పెన్నుతో చార్టును చూపించింది. గ్లవ్స్ తొడిగిన చేత్తో దేన్నీ ముట్టకూడదన్న ఏడో నియమం కింద వరసగా ఐదు నల్లటి చుక్కలున్నాయి. ఐదూ నా చూపుడు వేలివే.

"రేపు కాక ఎల్లుండి శుక్రవారం," అంది మేడం. వినపడనంత మెల్లగా అంది.

ఆ మధ్యాహ్నం పిల్లలందరినీ ల్యాబు బయట, అన్నం తినే వరండాలో కూర్చోబెట్టాను. డబ్బాలు తెరిచి తినమన్నాను. అక్కకు మొహం మీదే కాదు, బుర్ర మీద కూడా పడినట్టుందని వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకున్నారు. తింటున్నారు. నీళ్ళ సీసా అందుకున్నప్పుడు అందరిదీ ఎడమ చెయ్యే వెళ్ళింది. ఒకడికి ఫోను వచ్చింది, ఎడమ చేత్తోనే తీశాడు. ఊరగాయ పక్కవాళ్ళకు ఎడమ చేత్తోనే జరిపారు. ఎవరూ ఆలోచించలేదు.

"చూసినారా?" అన్నాను, మొదట తెలుగులో, ఆ వెంటనే తమిళంలో. "గ్లవ్స్ వేసిన చెయ్యి ఎంగిలి చెయ్యి, ఎచ్చిల్ చెయ్యి. అంతే. సీసా మోసుకుని గది దాటాలంటే ఒక చేతికే గ్లవ్. తలుపు తీసేది రెండో చెయ్యి."

అందరూ తమ ఎడమ చేతుల వైపు చూసుకున్నారు. ఆ తర్వాత మంసాపురం పిల్ల మెల్లగా, "ఇది ముందే చెప్పుంటే ఎర్ర సిరా మిగిలుండునే అక్కా," అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, నల్లటి ముక్కుతో.

ఆ సాయంత్రం నుంచి ల్యాబులో నాకు బతుకు లేకుండా పోయింది. నేను గ్లవ్‌తో పెన్ను వైపు చూసినా చాలు, నాలుగు మూలల నుంచి "అక్కా, ఎచ్చిల్!" అని కేకలు. మేడం తలుపు తీస్తుంటే కూడా అరిచారు. ఆమె చేతికి అసలు గ్లవ్సే లేవు.

అయితే ఎంగిలికి ఇంకో వైపు ఉందని నేను ఆలోచించలేదు. గురువారం ఒక ద్రవాన్ని ఇంకో గిన్నెలోకి పోయడం నేర్పిస్తున్నాను. సీసా మూతిని గాజు కడ్డీకి ఆనించి, కడ్డీ కొసను బీకరు గోడకు ఆనించి, సన్నగా జార్చాలి. మంసాపురం పిల్లకు ఇది రుచించలేదు.

"మూతి తగిలితే అది ఎంగిలి కాదాక్కా? ఎత్తి పోస్తేదాన్ కదా సుద్ధం?"

"ఎంగిలి చేతికి మాత్రమే. సీసాకి లేదు. ఎత్తి పోస్తే చిందుతాది, చింది కంట్లో పడుతాది. ఆత్తేదంతా ఇంట్లో పెట్టుకో."

ఉత్త నీళ్ళతో ఆ పిల్ల చేత పదిసార్లు పోయించాను. ఐదోసారికి కూడా సీసా పైకి లేస్తూనే ఉంది, చిన్నప్పటి అలవాటు. పదోసారికి కుదిరింది. అందరి చేతా పదేసి సార్లు పోయించాను. ఒక్క మనిషి చేత మాత్రం ఒక్కసారి కూడా పోయించలేదు. నేను టీచరును కదా.

శుక్రవారం కమిటీ వాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకాయన అడుగుతాడు, ఇంకొకాయన రాస్తాడు. అడిగే ఆయనకు తెల్లటి మీసాలు, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తాడు. పిల్లలను ఒక్కొక్కరినీ అడిగాడు. కళ్ళు కడుక్కునే కొళాయి ఎక్కడ, మంటలార్పే సిలిండరు పిన్ను ఎటు లాగాలి, గాజు పగిలితే ఎక్కడ వేయాలి. ఎవరూ తడబడలేదు. మంసాపురం పిల్ల వెండి నైట్రేట్ సీసా పట్టుకుని నడుస్తుంటే ఆపి, ఎడమ చేతికి గ్లవ్ ఎందుకు లేదని అడిగాడు. "ఇది సోత్తు కై, ఇది తణ్ణి కై సార్," అంది పిల్ల తమిళంలో. అన్నం చెయ్యి, నీళ్ళ చెయ్యి. ఆయన మీసాలు కదిలాయి. నవ్వినట్టే ఉంది. మేడం నా వైపు చూసి కళ్ళతోనే మెచ్చుకుంది. ఆరేళ్ళలో అది మొదటిసారి.

ఇంక అయిపోయింది, తాళం తప్పింది అనుకుంటుండగా ఆయన నా వైపు తిరిగాడు.

"వీళ్ళకు నేర్పింది నువ్వేనా? యాసిడ్ పలుచన చేసి చూపించు."

ఆరేళ్ళుగా చేస్తున్న పని. కొంచెం గర్వంగానే మొదలుపెట్టాను. కోటు బొత్తాలు పెట్టుకున్నాను, కళ్ళద్దాలు సర్దుకున్నాను, అదీ గ్లవ్స్ తొడగక ముందే. పొగ లాగే హుడ్ ముందు నిలబడి బీకరులో ముందు నీళ్ళు తీసుకున్నాను, ఎందుకంటే నీళ్ళలో యాసిడ్ పోయాలి గాని యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. సీసా మీది చీటీ అరచేతి వైపు ఉండేలా పట్టుకున్నాను. మూత తీశాను. అందరూ నా చుట్టూ నిలబడి చూస్తున్నారు. నలుగురు చూస్తున్నప్పుడు మనిషికి చదువు గుర్తుండదు, పెంపకమే గుర్తుంటుంది. గాజు కడ్డీ బల్ల మీదే ఉండిపోయింది. నా చెయ్యి సీసాను తనంతట తానే పైకి తీసుకెళ్ళింది, బీకరుకు జానెడు పైకి, ఆ పైన ఇంకో జానెడు.

"ఆగక్కా!" అని వినపడింది. "ఏంటికి అంత ఎత్తు? అది నోరు కాదు, బీకరు!"

గ్లవ్‌కూ కోటు చేతికీ మధ్య నా మణికట్టును ఒక చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది. సీసా అడుగు బల్లకు ఆనింది. ఒక చుక్క ఒలకలేదు.

తెల్ల మీసాల ఆయన నా దగ్గరికి వచ్చాడు. "ఆ అమ్మాయి ఏమంది?" అని అడిగాడు.

అప్పుడు అర్థమైంది, మంసాపురం పిల్ల కంగారులో తెలుగులో అరిచింది. కమిటీ వాళ్ళకు తెలుగు రాదు. మేడంకు రాదు. తెలుగు వచ్చిన ఇంకో ఇద్దరు పిల్లలు నేల చూపులు చూస్తున్నారు. సీసా బరువు, జాగ్రత్త అని కేకేసిందని ఒక్క మాట చెబితే చాలు, నా ఆరేళ్ళు గట్టెక్కుతాయి. నిజం చెబితే తాళం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పిల్ల మీద కోపం కూడా వచ్చింది, ఇంతమందిలో నన్నే తప్పుపడుతుందా అని. కానీ ఆమె చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది. మంగళవారం నేను ఏడిపించిన పిల్ల ఇది. నన్ను చూస్తే భయం, ఆ వచ్చినవాళ్ళను చూస్తే ఇంకా భయం. అయినా ఆపింది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"నేను ఎత్తి పోయబోయాను సార్. అది నోరు కాదు, బీకరు అంది," అని తమిళంలో చెప్పాను.

"నిజమేనా?"

"నిజమే సార్. అలా పోయకూడదని నేనే నేర్పాను."

ఆయన ముందు పిల్లతో, యాసిడ్ పట్టుకున్న మనిషిని ముట్టుకోకూడదమ్మా, కేక చాలు అన్నాడు. ఆ పైన రాసే ఆయన వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. "సీనియర్ తప్పు చేయబోతే జూనియర్ ఆపింది. అడిగితే సీనియర్ దాచలేదు. ఇటువంటి ల్యాబుకు తాళం అక్కరలేదు. రాసుకోండి. సీనియర్‌కు మాత్రం మళ్ళీ ట్రైనింగ్ కావాలి. ఈ అమ్మాయే ఇస్తుంది."

సోమవారం నుంచి మూడు రోజులు మంసాపురం పిల్ల నాకు ట్రైనింగ్ ఇచ్చింది. ఉత్త నీళ్ళు, గాజు కడ్డీ. సీసా ఒక వేలెడు పైకి లేచినా, "మళ్ళాక్కా, మొదట్నుంచి," అనేది. పదిసార్లని రూలు, నా చేత ఇరవై ఆరుసార్లు పోయించింది. ముత్యాల్లాంటి అక్షరాలతో లెక్క రాసుకుని ఎర్ర సిరాతో గీత కొట్టి నా చేత సంతకం పెట్టించుకుంది. గడువుకు నాలుగు రోజుల ముందు థీసిస్ ఇచ్చేశాను.

ఒక్క సంగతి మాత్రం నేను ఆ పిల్లకు కూడా చెప్పలేదు. కమిటీ వెళ్ళిన మర్నాడు, శనివారం పొద్దున లేవగానే వాకిట్లో ఎండలోకి వెళ్ళి నా మణికట్టు చూసుకున్నాను. ముందురోజు అంతా ఆ పిల్ల పని వెండి నైట్రేట్‌తోనే. అంత గాబరాలో పట్టుకుంది కాబట్టి నల్లటి వేళ్ళ గుర్తులు పడి ఉంటాయనుకున్నాను. అవ్వ కూడా వచ్చి నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది.

ఒక్క మచ్చ లేదు. ఆ పిల్ల నన్ను నీళ్ళ చేత్తోనే పట్టుకుంది.